చేతికి తగిలిన దెబ్బ, బ్యాటులో తగ్గిన బలం

సాఫ్ట్‌బాల్ ఆటలో చేతికి దెబ్బ తగిలి, కోలుకొని, మళ్ళీ మైదానంలో అడుగు పెట్టిన ప్రతివారూ చెప్పే మాట ఒకటే: "నొప్పి లేదు కాని, మునుపటి బలం రావడం లేదు." వారికి లభించే సలహా కూడా ఒకటే. రబ్బరు బంతిని పిడికిట పట్టి రోజుకు నూరుసార్లు పిసకమంటారు. ఈ సలహా తప్పు కాదు, అసంపూర్ణం. పోయిన బలం చేతిలోనే పోయిందనీ, చేతిలోనే వెతకాలనీ అనుకోవడం వలన నాబోటివారు అనవసరంగా నెలల తరబడి కాలాన్ని పోగొట్టుకొంటున్నారని నా అభిప్రాయం. రెండు వేసవుల క్రిందట నేనూ ఆ పొరపాటే చేశాను.

మా ప్రయోగశాల జట్టు ఆడేది నెమ్మదిగా, ఎత్తుగా బంతి వేసే ఆట. నలభై దాటిన రసాయనశాస్త్రజ్ఞులకు తగిన ఆటే అనుకోండి. ఒక సాయంత్రం బంతిని అందుకోబోయి, సగంలో మనసు మార్చుకొని ఊపును బలవంతంగా ఆపాను. ఎడమ అరచేతి మడమలో, చిటికెనవ్రేలి దిగువన, చురుక్కుమన్నది. మరునాడు ఒక వైద్యశాలలో ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదు, బెణికింది, రెండు వారాలలో తగ్గుతుందన్నారు. ఐదు వారాలైనా తగ్గలేదు. చిటికెనవ్రేలు తిమ్మిరెక్కసాగింది. ఒకనాడు ప్రయోగశాలలో లీటరు ద్రావణంతో ఉన్న గాజు కుప్పె ఎడమ చేతిలో నుండి జారి పగిలింది. అదృష్టవశాత్తు అందులో ఉన్నది ఉప్పునీరే. ఆ తరువాత గాని నేను సి.టి. స్కాన్‌కు వెళ్ళలేదు. విరిగినది హేమేట్ అనే చిన్న ఎముకకు ఉండే కొక్కెం.

ఈ కొక్కేన్ని గురించి నాలుగు మాటలు చెప్పాలి. మణికట్టులోని 8 చిన్న ఎముకలలో హేమేట్ ఒకటి. లాటిన్ భాషలో హేమస్ అంటే కొక్కెం. పేరుకు తగినట్లే దీని నుండి ఒక ముల్లు అరచేతి వైపునకు పొడుచుకొని వస్తుంది. కుడిచేతి వాటం ఆటగాడు బ్యాటును పట్టినప్పుడు పిడి చివర ఉండే గుబ్బ సరిగ్గా ఈ ముల్లు మీదనే ఆనుతుంది, ఎడమ చేతిలో. ఉంగరపు వ్రేలికీ చిటికెనవ్రేలికీ పోయే స్నాయువులు ఈ కొక్కేన్ని ఒరుసుకొంటూ, బావి గిలక మీది చేంతాడు వలె, వంగి పోతాయి. ఆ ప్రక్కనే చిటికెనవ్రేలికి స్పర్శనిచ్చే నాడి ఉంటుంది. కొక్కేనికి రక్తప్రసారం తక్కువ కనుక విరిగినది తనంత తాను అతకడం కష్టం. మామూలు ఎక్స్‌రేలో అది ఇతర ఎముకల నీడలో దాగిపోతుంది. విరిగిన అంచు మీద స్నాయువులు ఒరుసుకొని తెగిపోయే ప్రమాదమూ ఉంది. అందుచేత క్రీడాకారులకు సాధారణంగా విరిగిన ముక్కను తీసివేస్తారు. నాకూ అదే చేశారు.

ఆ రోజులలో ఊరి నుండి మా పెద్దమామయ్య ఫోను చేసి, "పుత్తూరు కట్టు కట్టించుకోరా, ఆ కోతలెందుకు?" అన్నాడు. పసరు పూసి వెదురుబద్దలతో కట్టే ఆ కట్టు మీద మా వైపు వారికున్న నమ్మకం నేను ఎరుగనిది కాదు. లోపల దాగిన ఈ ముల్లుకు బయటి బద్దలు పనికిరావని ఆయనకు వివరించడానికి అరగంట పట్టింది. కాని ఒక సంగతి గమనించాను. పుత్తూరు కట్టు అయినా, ఇక్కడి శస్త్రచికిత్స అయినా, మనవారందరి దృష్టీ కట్టు మీదనే. కట్టు విప్పిన తరువాత ఏమి చేయాలన్నది ఎవరూ అడగరు.

కట్టు విప్పిన తరువాత జరిగేదంతా రసాయనశాస్త్రమే. గాయమైన చోట శరీరం మొదట హడావిడిగా మూడవ రకం కొల్లాజెన్‌ను పరుస్తుంది. అది పలుచని, తాత్కాలికమైన నేత. తరువాత నెలల తరబడి దానిని తీసివేస్తూ, దృఢమైన మొదటి రకాన్ని పేరుస్తుంది. రాగిని ఆధారంగా చేసికొని పనిచేసే ఒక ఎంజైము ఆ పోగుల మధ్య అడ్డబంధాలు కలుపుతుంది. ఈ అడ్డబంధాలే బలం. ఏ దిశలో లాగుడు పడుతుందో ఆ దిశలో పోగులు సర్దుకొంటాయి. లాగుడే లేకపోతే చిక్కుపడిన నూలుకండెలా మిగిలిపోతాయి. మితిమీరి లాగితే తెగుతాయి. ఈ పని పూర్తి కావడానికి ఏడాది, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పడుతుంది.

కొల్లాజెన్ మూడు పేటల జడ వంటిదని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించిన సంగతి మన పాఠకులలో చాలామందికి తెలిసే ఉంటుంది. వారు పరిశీలించినది కంగారూ తోకలోని స్నాయువు. అది ఆ ఊరిలోని కేంద్ర తోళ్ళ పరిశోధనా సంస్థ నుండి వచ్చింది. తెనాలి ప్రాంతపు బిడ్డ యలవర్తి నాయుడమ్మ గారు తరువాత ఆ సంస్థకే సంచాలకులైనారు. తోళ్ళ ఊనిక అంటే కొల్లాజెన్‌కు బయటి నుండి అడ్డబంధాలు కలపడమే గదా! నా అరచేతిలో జరుగుతున్న పనికీ, ఆ తోళ్ళ తొట్లలో జరిగే పనికీ ఉన్న చుట్టరికాన్ని తలచుకొని, కట్టుతో కూర్చున్న రోజులలో కొంత ఊరట పొందాను. డబ్బాలలో అమ్మే కొల్లాజెన్ పొడులు ఈ పనిని త్వరితం చేస్తాయా అని మిత్రులు అడిగారు. మనం తిన్న కొల్లాజెన్ జీర్ణమై చిన్న చిన్న ముక్కలైపోతుంది. అది తిన్నగా నడచి వెళ్ళి ఎడమ అరచేతిలో కూర్చుంటుందని నేను నమ్మను. కొల్లాజెన్ జడ నిలబడడానికి సి విటమిను మాత్రం నిజంగా అవసరం. అది నిమ్మకాయ పులిహోరలోనూ కొంత దొరుకుతుంది.

ఇక బలం సంగతి. మూడు నెలలకు నా ఎడమ చేతి పట్టును చికిత్స గదిలో పరికరంతో కొలిచారు. కుడి చేతి పట్టు 46 కిలోలు, ఎడమది 41. దాదాపు తొంభై పాళ్ళు. "మీ చేయి బాగైపోయింది" అన్నారు. భీమా వారు అనుమతించిన సందర్శనలు కూడా అంతటితో అయిపోయినాయి. వసంతంలో మైదానానికి వెళ్ళాను. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. బ్యాటుకు బంతి శుభ్రంగా తగులుతున్నది. కాని మునుపు ఎడమ మైదానపు ఆటగాని నెత్తి మీదుగా వెళ్ళే బంతి ఇప్పుడు నేరుగా వచ్చి అతని చేతిలో పడుతున్నది. అతడు అడుగు కూడా కదలనక్కరలేదు.

పట్టు వచ్చినప్పుడు బలం ఎందుకు రాలేదు? ఈ ప్రశ్నకు సమాధానం బంతికీ బ్యాటుకూ మధ్య జరిగే వ్యవహారంలో ఉన్నది. బంతి బ్యాటును తాకి ఉండేది సెకనులో వెయ్యోవంతు మోస్తరు కాలం. తాకిడి వలన పుట్టిన కంపనం పిడి దాకా పోయి, తిరిగి బంతి దగ్గరకు వచ్చేలోగానే బంతి వెళ్ళిపోతుంది. అందుచేత ఆ క్షణంలో పిడిని ఎంత గట్టిగా పట్టుకొన్నామన్నది బంతికి పట్టదు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రజ్ఞుడు ఆలన్ నేథన్ 2000లో బేస్‌బాల్ విషయంలో దీనిని లెక్క కట్టి చూపించారు. సాఫ్ట్‌బాల్‌లోనూ సూత్రం అదే.

అయితే బంతికి పట్టేది ఏమిటి? తగిలే క్షణానికి బ్యాటు వేగం, అంతే. మా ఆటలో బంతి గంటకు 25 మైళ్ళ వేగంతో వస్తుంది. కొట్టిన బంతి వేగంలో దీని వంతు స్వల్పం, పదోవంతు ప్రాంతం. బ్యాటు వేగం మాత్రం మొత్తంగా, ఇంకా పదోవంతు అదనంగా చేరుతుంది. బ్యాటు తగిలే చోట 60 మైళ్ళ వేగం ఉంటే బంతి 68 మైళ్ళ పైచిలుకు వేగంతో పోతుంది. బ్యాటు 52కు తగ్గితే బంతి 60కి పడిపోతుంది. గాలి నిరోధాన్ని కూడా కలుపుకొంటే 35, 40 అడుగుల తేడా వస్తుంది. ఎడమ మైదానపు ఆటగాని నెత్తికీ చేతికీ మధ్య దూరం అదే.

ఈ అంకెలు ఊహించినవి కావు. మా అబ్బాయి నా ఆటను, నన్ను వెక్కిరించడానికే అనుకోండి, ఫోనులో సెకనుకు 240 చిత్రాల చొప్పున తీసి పెట్టుకొన్నాడు. దెబ్బకు ముందటివి, తరువాతవి. ఒక చిత్రానికీ మరొక చిత్రానికీ మధ్య బ్యాటు ఎన్ని డిగ్రీలు తిరిగిందో కోణమానినితో కొలిచి వేగాన్ని లెక్కించాను. కొలతలో దోషం ఉంటుంది. అయినా 60కీ 52కీ తేడా ఆ దోషం కంటె పెద్దదే. అసలు విశేషం వేగంలో కాదు, అది ఎక్కడ తగ్గిందన్నదానిలో ఉన్నది. చేతుల దగ్గర తగ్గుతుందనుకొన్నాను. తీరా చూస్తే నడుము దగ్గర తగ్గుతున్నది. ముందటి చిత్రాలలో ముందుకాలు నేలకు దిగగానే తుంటి తిరుగుతుంది, దాని వెంట మొండెం, దాని వెంట భుజాలు, చివరకు చేతులు. తరువాతి చిత్రాలలో తుంటి సగం తిరిగి ఆగిపోతున్నది. బ్యాటును చేతులే ఈడ్చుకొని వస్తున్నవి. నేను మాత్రం ఒళ్ళంతా పెట్టి కొడుతున్నాననే అనుకొంటున్నాను!

దీనికి కారణం, నాకు తోచినంతవరకు, ఇది. నా బ్యాటు బరువు 28 ఔన్సులు, అంటే 800 గ్రాములకు కాస్త తక్కువ. ఆ వేగంతో తిరిగే బ్యాటు చేతిలో నుండి బయటకు పోవాలని లాగుతుంది. నా లెక్క ప్రకారం ఆ లాగుడు ఊపు చివరలో సుమారు 60 కిలోల బరువును వ్రేలాడదీసినంత. దానిలో పెద్ద వాటా గుబ్బ దగ్గరి చేతిది, ఆ చేతిలోనూ చివరి రెండు వ్రేళ్ళది. అంటే బ్యాటింగులో దిగువ చేయి బలాన్ని పుట్టించే యంత్రం కాదు. బలం కాళ్ళలో, తుంటిలో పుడుతుంది. చేతి పని దానిని జారవిడవకుండా ఉండడమే. గొలుసులో చివరి లంకె అది. ఆ లంకె మీద అనుమానం ఉన్నప్పుడు శరీరం గొలుసునే మెల్లగా లాగుతుంది. మనలను అడగకుండానే లాగుతుంది. తడిసిన మెట్ల మీద కాలు తనంత తానే జాగ్రత్తపడినట్లే ఇది కూడా. పరికరాన్ని నిలకడగా పిసికినప్పుడు 41 కిలోలు చూపిన చేయి, అకస్మాత్తుగా వచ్చిపడే లాగుడుకు ఎంత తట్టుకొంటుందో ఎవరూ పరీక్షించలేదు. నా శరీరానికి ఆ సంగతి తెలుసు. నాకే తెలియలేదు.

కనుక వెనక్కి తెచ్చుకోవలసినది పిడికిలి బలం ఒక్కటే కాదు, చేతి మీద శరీరానికి ఉండే నమ్మకం కూడా. ఆ నమ్మకం ఉపదేశంతో రాదు. ప్రతి మెట్టులోనూ కొంచెం ఎక్కువ బరువు పడి, చేయి జారలేదని పదే పదే ఋజువైతేనే వస్తుంది.

నేను మళ్ళీ సొంత ఖర్చుతో ఒక హ్యాండ్ థెరపిస్టు వద్దకు వెళ్ళాను. ఆమె మొదట అడిగిన ప్రశ్న, "మీకు ఏమి చేయాలని ఉంది?" అంతవరకు ఎవరూ అది అడగలేదు. చొక్కా గుండీలు పెట్టుకోగలరా, కీబోర్డు వాడగలరా అని మాత్రమే అడిగారు. ఆమె రబ్బరు బంతిని ప్రక్కన పెట్టించింది. మొదట మచ్చ మీద మర్దన, దాని మీద రకరకాల బట్టలతో రుద్దడం. అరచేతి మడమ ఒత్తిడికి ఉలికిపడడం మానాలి గదా. తరువాత ఒక బకెట్టు నిండా బియ్యం పోసి, అందులో చేయి దించి వ్రేళ్ళు విప్పడం, మూయడం, మణికట్టు తిప్పడం. బేస్‌బాల్ ఆటగాళ్ళు చిరకాలంగా చేసే సాధనే ఇది. బియ్యం అన్ని వైపుల నుండీ సమంగా అడ్డుతుంది, విప్పే కండరాలకూ పని పెడుతుంది. మా ఇంట్లో దీనికి సోనా మసూరి వాడడానికి వీలులేదన్న తీర్మానం జరిగింది. చవకరకం పొడుగు బియ్యం కొనుక్కొన్నాను.

ఆ తరువాత సుత్తిని కొసన పట్టుకొని ముంజేతిని అటూ ఇటూ త్రిప్పడం. తడితువ్వాలు పిండడం. బరువున్న బంతిని రెండు చేతులా పట్టి, తుంటి త్రిప్పుతూ గోడకు విసరడం. ఈ చివరిది నాకు ఎక్కువ మేలు చేసింది. ఎందుకంటే చేతిలో లాగుడు లేకుండానే తుంటి తన పాత వరసను గుర్తు తెచ్చుకొన్నది. పిమ్మట బంతి లేకుండా తేలిక బ్యాటుతో ఊపులు, కొయ్య మీద నిలబెట్టిన బంతి, ప్రక్క నుండి మెల్లగా విసిరిన బంతి, చివరికి అసలు ఆట. ఒక మెట్టులో చేసిన పనికి మరునాటి ఉదయం నొప్పి ఉంటే మళ్ళీ క్రింది మెట్టుకే. ఈ నియమం చెప్పినంత సులభం కాదు. ఆడిన సాయంత్రం ఏమీ తెలియదు, తెల్లవారి కాఫీ కప్పు ఎత్తినప్పుడు తెలుస్తుంది. పట్టు కూడా మార్చాను. గుబ్బ అరచేతి మడమ మీద ఆనకుండా చేతిని అంగుళం పైకి జరిపాను. దీనితో కొంత వేగం తగ్గవలసిన మాట నిజమే. తగ్గిన దానికంటె శరీరం నిశ్శంకగా తిరగడం వలన వచ్చినది ఎక్కువ.

ఈ ఎముక విరిగితే ఏడాది పాటు బలం రాదని బేస్‌బాల్ లోకంలో ఒక నానుడి ఉంది. కెన్ గ్రిఫీ జూనియర్‌కు 1996లో ఇదే ఎముక విరిగింది. అదే ఏడాది తిరిగి వచ్చి మొత్తం 49 హోమ్‌రన్లు చేశాడు. జియాన్‌కార్లో స్టాంటన్‌కు 2015 జూన్‌లో విరిగింది, ఆ ఏడాది మళ్ళీ ఆడలేదు. 2017లో 59 హోమ్‌రన్లు కొట్టాడు. మైక్ ట్రౌట్ 2023 జూలైలో విరుగగొట్టుకొని, ఆగస్టులో ఒక్క ఆట ఆడి, నొప్పితో మళ్ళీ వెనుదిరిగాడు. అందరికీ ఒకే కాలపరిమితి వర్తించదని ఈ ముగ్గురిని చూస్తేనే తెలుస్తుంది. వారికి ప్రతిరోజూ ప్రక్కన నిలిచే నిపుణులున్నారు. మనకు భీమా వారు లెక్కపెట్టి ఇచ్చిన సందర్శనలు ఉన్నాయి. "బాగైపోయింది" అన్న మాటకు అర్థాన్ని ఆ లెక్కే నిర్ణయించడం నాకు సమ్మతం కాదు. చేయి కప్పును ఎత్తగలగడం ఒక ప్రమాణమైతే, ఆడగలగడం మరొక ప్రమాణం. నలభై ఆరేళ్ళ వాడు రెండవదానిని అడగడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. నా విషయంలో ఆ రెండవ ప్రమాణం కోసం చేసిన సాధనే ప్రయోగశాలలో కుప్పెలను కూడా కాపాడింది.

మనవారిలో ఈ విషయమై రెండు వైఖరులు చూస్తున్నాను. "ఈ వయసులో ఆటలేమిటి, మానెయ్యండి" అనేది ఒకటి. పెద్దలకు చెప్పే ఆ మాట పెద్ద నష్టం చేయదు. మనం ఎలాగూ వినము. రెండవది పిల్లల విషయంలో. మన ఆడపిల్లలు ఇప్పుడు బడి జట్లలో వేగంగా బంతి వేసే సాఫ్ట్‌బాల్ ఆడుతున్నారు. చేతికి దెబ్బ తగిలితే కొందరు తల్లిదండ్రులు ఆటనే మాన్పిస్తారు. మరికొందరు, కళాశాల ప్రవేశాలను తలచుకొని, నొప్పి తగ్గిన మరునాడే మైదానంలో దించుతారు. రెండింటిలోనూ పిల్ల చేయి ఏమంటున్నదో విన్నవారు లేరు. దించిన వారు మళ్ళీ, బంతి దూరం పోవడం లేదని, "మనసు పెట్టి ఆడడం లేదు" అని కసురుతారు. ఆ పిల్ల మనసు పెట్టే ఆడుతున్నది. ఆగిపోతున్నది తుంటి, అదీ ఆమెకు తెలియకుండా.

మొన్న శనివారం ఒక మిత్రుడు ఫోను చేశాడు. వాళ్ళమ్మాయికి పదునాలుగేళ్ళు. బంతి తగిలి అరచేతిలో ఎముక చిట్లింది, కట్టు విప్పి పది రోజులైంది. "వచ్చే శనివారం పోటీ ఉంది అన్నయ్యా, ఆడించవచ్చా?" అన్నాడు. వైద్యుని అడగమన్నాను. అడిగాననీ, ఎముక అతికిందన్నారనీ చెప్పాడు. అయితే అమ్మాయి కొయ్య మీది బంతిని కొడుతుండగా ఫోనులో తీసి పంపమన్నాను. ఆ సాయంత్రమే వచ్చింది. ముందుకాలు దిగింది, తుంటి సగంలో ఆగింది, చేతులు బ్యాటును ఈడ్చుకొని వచ్చాయి. దానిని నా పాత చిత్రం ప్రక్కన పెట్టి తిరిగి పంపాను. పోటీకి పేరు ఇవ్వలేదట. ఆదివారం నాడు వచ్చి నా బియ్యం బకెట్టు పట్టుకొని పోయారు.